ఇనుపమ్మ గొంతు

ఇనుపమ్మ గొంతు బిష్కెక్ నుంచి షేర్ టాక్సీలో వచ్చింది. మోసుకొచ్చినవాడు ఆ టాక్సీ నడిపే జుమాషే, థియేటరు నటి బురుల్ మొగుడు. ఏం తెస్తున్నదీ పాపం అతనికే తెలియదు. రాజధానిలో బండి నిండి బయల్దేరబోతుంటే ఎవరో పరుగున వచ్చి వేలెడంత కవరు చేతిలో పెట్టి, "నరిన్‌లో పిల్లల థియేటరుకి అందించండి బైకె, పోతే మళ్ళీ దొరకదు" అని సొంత అన్నని అడిగినట్టు బతిమాలాడట. జుమాష్ దాన్ని కళ్ళజోడు పెట్టెలో భద్రం చేశాడు. దొలొన్ కనుమలో మంచు అద్దాన్ని కప్పేస్తున్నా ఎక్కడా ఆగలేదు. దర్శకుడు మెదెర్బెక్ చేతికి కవరు అందించి, అతను పోసిన టీ రెండు గిన్నెలు తాగి, "మా ముసల్దానికి నేనొచ్చానని చెప్పు" అని వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం మెదెర్బెక్ అందరినీ స్టేజి మీదికి పిలిచాడు. మార్చి సగమైనా చలి ఇంకా గోడలని వదల్లేదు. నటులంతా కోట్లూ టోపీలతో నిలబడి అరచేతుల్లోకి ఊదుకుంటున్నారు. బురుల్ ఒక్కతే చెమటతో తడిసి ఉంది. ఆమె అప్పటిదాకా ఇనుపమ్మ వేషం లోపల ఉంది మరి. మందపాటి స్పాంజికి వెండిరంగు పూసిన ఒళ్ళు, బట్టలుతికే మిషను గొట్టాలతో చేసిన చేతులు, పాత లారీ దీపాలు రెండు కళ్ళు. తలకాయ వీపు వెనక పట్టీలతో బిగిస్తారు, లోపలి మనిషికి అవి అందవు. సౌండు చూసే సగిన్ బైకె వచ్చి విప్పాలి. విప్పగానే బురుల్ ఆవిరి కక్కే కుండలా బయటికి వచ్చేది. చలికాలమంతా మిగతావాళ్ళు ఆమెని చూసి కుళ్ళుకున్నారు. "ఎజె, ఒక్క పూట మార్చుకుందాం" అని కుబాత్ అక్కని బతిమాలినట్టు రోజూ అడిగేవాడు. కుబాత్‌కి నలభై దాటాయి, నాటకంలో ఏడేళ్ళ పిల్లవాడు. వేషం కోసం మీసం తీసేసుకున్నాడు, పైపెదవి చలికి నీలంగా ఉండేది.

"వినండి, వినండి" అన్నాడు మెదెర్బెక్. సగిన్ బైకె కవరులో వచ్చిన పెన్‌డ్రైవు కంప్యూటరుకి గుచ్చి మీట నొక్కాడు.

"పిల్లలూ, చేతులు కడుక్కున్నారా? ఎర్ర మీట ముట్టుకోకండి. నక్షత్రాలు చూసింది చాలు, ఇక పడుకోండి."

తేనెలో ముంచి తీసినట్టుంది గొంతు. ఎక్కడో విన్న గొంతే. బురుల్ మొదట ఏదో ప్రకటన అనుకుంది. తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ మాటలు చలికాలమంతా తను చెప్పుకున్నవి.

నాటకం పేరే 'ఇనుపమ్మ'. దూరపు గ్రహానికి పోతున్న ఓడలో పెద్దవాళ్ళంతా మంచుపెట్టెల్లో నిద్రపోతుంటారు. ముగ్గురు పిల్లలకి మాత్రం ముందే మెలకువ వచ్చేస్తుంది. గమ్యం చేరేదాకా వాళ్ళని కాపాడే మరమనిషి ఇనుపమ్మ. దానికి ఎలాంటి గొంతుండాలో వెతికి వెతికి బురుల్ ఒకటి పట్టుకుంది. ఇంట్లో సాధన చేస్తుంటే జుమాష్ ఫ్రిజ్ పాడైందనుకుని దాన్ని గోడ దగ్గర్నుంచి ఇవతలికి లాగాడు కూడా.

"ఇదెవరిది?" అంది బురుల్.

"ఐజర్కిన్‌ది ఎజె. టీవీలో పొద్దున్నే వస్తుందే, ఆవిడ. ఎంత అడిగితే ఒప్పుకుందో!"

"మరి నేను?"

"మీరే కదా ఇనుపమ్మ! నడక మీది, చేతులు మీవి, మనసంతా మీది. గొంతొక్కటే..." మెదెర్బెక్ ఆమె కళ్ళలోకి చూడలేక సగిన్ బైకె కంప్యూటరు వైపు చూశాడు. "పోస్టరు మీద ఆ పేరుంటే హాలు నిండుతుంది. పోయిన నాటకానికి ఎంతమంది వచ్చారో మీరూ చూశారుగా."

"పరిగెత్తేది గుర్రం, బహుమానం రౌతుకి" అని గొణిగాడు కుబాత్.

బురుల్ తువ్వాలు మడతపెట్టింది. మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టింది. పాతికేళ్ళుగా ఆ థియేటరులో నక్క తోకలోనూ ఎలుగుబంటి కడుపులోనూ బతికింది. మొహం ఎవరికీ చూపించకపోయినా ఎన్నడూ బాధపడలేదు. గొంతు మాత్రం తనదే ఉండేది.

"సరే, తలకాయ పెట్టండి బైకె" అంది సగిన్‌తో. "ఆ కొత్తమ్మ ఏమంటుందో విని ఆడతాను."

*

ఇంటికెళ్ళేసరికి జుమాష్ కాళ్ళు చాపుకుని కూర్చుని నూడుల్స్ పిండి పిసుకుతున్నాడు. బిష్కెక్ నుంచి వచ్చిన రోజు వంట అతనిదే.

"చెప్పారా నేనొచ్చానని? ఏదో రాజముద్ర ఇచ్చినట్టు ఇచ్చారు ఆ కవరు. దార్లో ఒకామె కళ్ళజోడు పెట్టె మీద కూర్చోబోతే అరిచాను తెలుసా?"

"కూర్చోనియ్యాల్సింది."

"అదేం మాట?"

బురుల్ కోటు విప్పకుండానే చెప్పింది. జుమాష్ పిండి వదిలేసి చేతులు గాల్లో పెట్టుకుని విన్నాడు.

"అంటే... నీ గొంతు మీదికి నేనే సవతిని మోసుకొచ్చానా?"

"ముందు సీట్లో కూర్చోబెట్టి మరీ."

"దొలొన్ మీద పడేసొచ్చేవాణ్ణే, ఒక్క మాట చెప్పుంటే!" పిండిని బల్ల మీద వేసి కొట్టాడు. "నువ్వెందుకు ఊరుకున్నావు? ఆ తలకాయ తీసి ఆ మెదెర్బెక్ నెత్తి మీద పెట్టి రావాల్సింది."

"నా అంతట నేను తీసుకోలేనుగా. సగిన్ బైకె తియ్యాలి" అంది బురుల్. తన మాటకి తనకే నవ్వొచ్చింది, నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. కోటు చేతితో తుడుచుకుని పిండి తన వైపు లాక్కుంది. "నూరుజ్ పండగ రోజు మొదటి ఆట. అది ఆడేసి ఇనుపమ్మని వాళ్ళకే అప్పజెప్పేస్తాను. మా చెల్లి దగ్గర ఉన్ని కొట్టి కంబళ్ళు చేసుకుంటాను. ఉన్నికి ఎవరి గొంతూ అక్కర్లేదు."

"కంబళి కొడుతూ కూడా నువ్వు మాట్లాడుతూనే ఉంటావు, ముసలీ" అన్నాడు జుమాష్, ఈసారి మెల్లగా.

*

ఇంకొకరి గొంతు వెనక నడవడం చీకట్లో ఇంకొకరి చెప్పుల్లో నడవడం లాంటిదని బురుల్‌కి మర్నాడే తెలిసింది. తన ఇనుపమ్మ చెయ్యెత్తితే అది సగంలో ఆగేది, ఎందుకెత్తానా అని ఒక క్షణం ఆలోచించేది, తర్వాత పిల్లవాడి నెత్తి మీద వాలేది. ఆ ఆగడంలోనే పిల్లలు నవ్వుతారని బురుల్‌కి తెలుసు. ఐజర్కిన్ గొంతుకి ఆగడం తెలియదు. చెయ్యి సగంలో ఉండగానే మాట అయిపోయేది. బురుల్ చెయ్యి దించి మాట వెంట పరుగెత్తేది.

"ఎజె, ఒక్క ముక్క వెనకపడ్డారు" అని మెదెర్బెక్ కింద నుంచి కేక వేసేవాడు.

"ఆవిడ ముందుకు పోయింది" అనేది బురుల్ లోపల్నుంచి. లోపలి మైకు తీసేశారుగా, స్పాంజి మింగేసేది ఆ మాటని. బయటికి "ఊఁ" అన్నట్టు మాత్రం వినపడేది.

అయినా పని పనే. మోకాళ్ళకి కంబళి ముక్కలు కట్టుకుని, నుదుటికి గుడ్డ చుట్టుకుని, రోజంతా ఆ గొంతుకి తన భుజాలని అలవాటు చేసింది. పాపం ఆ అమ్మాయి కూడా బాగానే చదివింది. ఆవిడ ఎక్కడ ఊపిరి పీలుస్తుందో బురుల్ కనిపెట్టి, ఆ ఊపిరితో పాటు ఇనుపమ్మ ఛాతీ లేపడం నేర్చుకుంది. మూడోనాటికి సగిన్ బైకె కూడా, "నిజంగా అదే మాట్లాడినట్టుంది బురుల్" అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. అది ఆమెకి మేకులా దిగింది.

ఆ రోజే ఊళ్ళోని బాలవాడి నుంచి పిల్లలని తెచ్చి ఆట చూపించారు. అసలు ప్రదర్శనకి ముందు పిల్లల మొహాలు ఎలా ఉంటాయో చూద్దామన్నాడు మెదెర్బెక్. ఇనుపమ్మ తెర వెనకనుంచి రాగానే హాలంతా "ఓ!" అంది. లారీ దీపాలు వెలగగానే ముందు వరసలో ఒకడు కుర్చీ కిందికి దూరాడు. అంతా బాగానే ఉంది. కాని ఇనుపమ్మ నోరు విప్పిన కొద్దీ హాలు కదలడం మొదలుపెట్టింది. చేతులు కడుక్కోండి అనగానే కాళ్ళూపడాలు, మీట ముట్టుకోకండి అనగానే ఆవలింతలు. "ఇక పడుకోండి" అని మూడోసారి వచ్చేసరికి వెనక నుంచి ఎవడో, "నువ్వే పడుకో!" అని అరిచాడు. టీచర్లు వాణ్ణి వారించారు. బురుల్‌కి లోపల నవ్వాగలేదు. 'నా గొంతైతే ఇట్లా కాదుగా' అనుకుంది. కొంచెం సంతోషపడింది కూడా. మరు నిమిషంలో సిగ్గనిపించింది.

ఆట అయిపోయాక పిల్లల కోసం వచ్చిన వ్యాన్లలో ఒకటి వెళ్ళిపోయింది. రెండోది బురదలో కూరుకుపోయి కదలనంది. సగిన్ బైకె, కుబాత్, మెదెర్బెక్, ఎవరు దొరికితే వాళ్ళు తోయడానికి పరిగెత్తారు. తలకాయ విప్పేవాడు లేక బురుల్ మెట్ల పైన గోడకి ఆనుకుని నిలబడింది. బయట ఇంజను గర్జించడం, అందరూ కేకలెయ్యడం, చివరికి వ్యాను, దాన్ని తోసేవాళ్ళతో సహా, మలుపు దాటి పోవడం వినిపించింది. తరవాత నిశ్శబ్దం.

"ఇనుపమ్మా."

కళ్ళ కింద ఉన్న జల్లెడలోంచి చూస్తే ఎర్ర ఊలు టోపీ ఒకటి కనిపించింది. టోపీ కింద అయిదేళ్ళ పిల్ల. బురుల్ 'మీ టీచరేదమ్మా' అనబోయింది.

"వద్దొద్దు, మాట్లాడకు" అంది పిల్ల అరచెయ్యి అడ్డం పెట్టి. "నువ్వు మాట్లాడితే ఇక పడుకోండి అంటావు. నాకు నిద్ర రావట్లేదు."

బురుల్ నోరు మూసుకుంది.

"నా పేరు కనిషై. నేను బూట్లేసుకుంటుంటే వ్యాను పోయింది. ఇంకో వ్యాను ఉందనుకున్నా, అదీ పోయింది. కాని నేనే వేసుకున్నా, చూడు, ఎవరూ వెయ్యలేదు."

బూట్లు తారుమారు. కుడిది ఎడమకి, ఎడమది కుడికి. రెండు బాతులు అలిగి చెరో వైపు తిరిగినట్టున్నాయి. బురుల్ గొట్టం చెయ్యెత్తింది. అది సగంలో ఆగింది, ఆలోచించింది, బూట్ల వైపు తిరిగింది.

"ఏంటి?" పిల్ల కాళ్ళ వైపు చూసుకుంది. "బాగాలేవా?"

ఇనుపమ్మ తల ఓ పక్కకి వాల్చింది.

కనిషై నేల మీద కూలబడి బూట్లు రెండూ లాగేసింది. వాటిని పక్కపక్కన పెట్టి, నోట్లో వేలేసుకుని చాలాసేపు చూసింది. మళ్ళీ వేసుకుంది. "ఇప్పుడు?"

తల రెండో పక్కకి వాలింది. మెల్లగా, ఎంతో ఒప్పుకుంటున్నట్టు.

"నాకు ముందే తెలుసు" అంది కనిషై. "పద, కిటికీ దగ్గరికి పోదాం. వ్యాను అక్కడ్నుంచి కనపడుతుంది." మెట్ల దగ్గర ఇనుపమ్మ ఆగడం చూసింది. "నీకు కింద కనపడదా? మా తాతకీ అంతే. చెయ్యి పట్టుకో. మెట్టు. ఇంకో మెట్టు. ఇంకోటి. ఇది పగిలింది, జాగ్రత్త."

అలా పిల్ల ముందు, మరమనిషి వెనక, కిటికీ దగ్గరికి చేరారు. రోడ్డు మీద కరుగుతున్న మంచు, ఒక కుక్క, ఇంకేం లేదు. కనిషై జేబులోంచి కురుత్ ఉండ తీసింది. ఎండబెట్టిన ఆ పెరుగు ఉండని ఇనుపమ్మ నోటి జాలీకి ఆనించి చూసి, "నువ్వు తినవు కదా. నీది కూడా నేనే తింటాలే" అని నోట్లో వేసుకుంది. చప్పరిస్తూ చప్పరిస్తూ ఒక్కసారి ఆగిపోయింది. టోపీ కింద గడ్డం వణకడం మొదలైంది.

"వాళ్ళు మళ్ళీ వస్తారా?"

నాటకంలో ఇనుపమ్మకి ఈ ప్రశ్నకి జవాబుంది. 'భయపడకండి పిల్లలూ, నేనున్నాను.' చలికాలమంతా పలికిన మాట, నాలుక చివరిదాకా వచ్చేసింది. కాని పిల్ల మాట్లాడొద్దంది. బురుల్ కూర్చుంది. ఆ ఒంట్లో కూర్చోవడమనేది ఇంతకుముందెప్పుడూ జరగలేదు, అందుకు కుట్టలేదు దాన్ని. మోకాలి దగ్గర స్పాంజి బర్రున చినిగింది, వీపులో ఏదో విరిగింది. ఎలాగో నేలకి చేరి పిల్ల పక్కన గోడకి చేరగిలబడింది. కనిషై ఆ పెద్ద వెండి పొట్టకి ఆనుకుంది.

"నీకూ భయమేస్తుందా?" అంది.

బురుల్ ఆలోచించింది. ఔనన్నట్టు తలూపింది.

"భయపడకు" అంది కనిషై. ముక్కు ఎగబీల్చి, చిన్న చెయ్యి తీసి గొట్టం చేతి మీద వేసింది. "నేనున్నాగా."

లోపల చీకట్లో బురుల్ చెంపల మీదుగా చెమటో మరొకటో జారింది. తుడుచుకునే వీల్లేదు.

తలుపు ధడాలున తెరుచుకుంది. "ఓరి దేవుడా! ఉందా? ఉంది! ఇక్కడే ఉంది!" బాలవాడి టీచరు ఒక చేతిలో చెప్పు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ఈ వ్యాను వాళ్ళు ఆ వ్యానులో ఉందనీ, ఆ వ్యాను వాళ్ళు ఇందులో ఉందనీ అనుకున్నారట. ఆవిడ వెనక సగిన్ బైకె, టోపీ నుంచి మోకాళ్ళదాకా బురద. టీచరు కనిషైని ఎత్తుకుని ముద్దులు పెడుతుంటే ఆ పిల్ల ఆవిడ భుజం మీదుగా సగిన్ బైకెకి అప్పగింతలు చెప్పింది:

"దీన్నొక్కదాన్నీ వదిలెయ్యకండి తాతా. భయపడుతుంది."

ఇనుపమ్మని లేపడానికి ఇద్దరు మగాళ్ళు పట్టారు. తలకాయ విప్పగానే సగిన్ బైకె ఆమె మొహం చూసి, "ఏమైంది బురుల్?" అన్నాడు.

"ఏం లేదు. సూది దారం తెండి. మోకాలు కుట్టాలి."

*

ప్రదర్శనకి ముందు రోజు ఐజర్కిన్ స్వయంగా దిగింది. దింపింది జుమాష్ టాక్సీయే. టీవీలో కనపడేంత పొడుగు లేదు. ముక్కు ఎర్రగా ఉంది, కాళ్ళకి పెద్ద ఉన్ని బూట్లున్నాయి. మెదెర్బెక్ పూలు పట్టుకుని ఎదురెళ్తే వాటిని చంకలో పెట్టుకుని, "బురుల్ ఎజె ఎవరు?" అంది.

బురుల్ మోకాలి కుట్టు మీద వెండిరంగు పూస్తోంది. కుంచె దించింది. "నేనే."

"అయ్యో, నేను మీకు సవతినట కదా ఎజె!" అంది ఐజర్కిన్. "దారి పొడుగునా మీ ఆయన ఇదే పాట. కొచ్కోర్‌లో టీ తాగుతుంటే అక్కడివాళ్ళకి కూడా పరిచయం చేశారు, మా ఆవిడ సవతి అని. వాళ్ళు లేచి నాకు చోటిచ్చారు!"

జుమాష్ గుమ్మంలో నిలబడి తాళాలు గలగలలాడిస్తూ ఎటో చూస్తున్నాడు.

"నాతో వీళ్ళు చెప్పింది వేరు ఎజె. బొమ్మ కరెంటుతో నడుస్తుంది, మాట్లాడేవాళ్ళు లేరు అన్నారు. జలుబుతో ఉండి, బయటి చప్పుడు పడకుండా మా ఇంట్లో బట్టల బీరువాలో దూరి కోట్ల మధ్య నిలబడి చదివేశాను. లోపల మనిషి ఉందనీ, ఆ మనిషికి గొంతుందనీ తెలిస్తే చదివేదాన్నా?" మెదెర్బెక్ వైపు తిరిగింది. "ఏమయ్యా?"

మెదెర్బెక్ మొహం చిన్నబోయింది. "తప్పు నాదే. హాలు ఖాళీగా ఉంటే నాకు నిద్ర పట్టదు. ఎజె అయితే ఏమీ అనరని..." అని ఆగిపోయాడు. అలా అనడమే అసలు తప్పని అప్పుడే అర్థమైనట్టుంది.

"రికార్డు తీసేయండి" అంది ఐజర్కిన్. "ఎజె మాట్లాడతారు. నేను కింద కూర్చుని చప్పట్లు కొడతాను. పోస్టరు మీద నా పేరుంటే ఉండనివ్వండి, ఎవరైనా అడిగితే జలుబు చేసిందంటాను. అబద్ధం కూడా కాదు."

కుబాత్ ముందుగా చప్పట్లు కొట్టాడు. తర్వాత అందరూ. గుమ్మంలోంచి జుమాష్ అందరికంటే గట్టిగా కొట్టాడు. సగిన్ బైకె కంప్యూటరు మూత టపీమని వేసేశాడు.

బురుల్ స్టేజి మధ్యలోకి వచ్చింది. గొంతు సవరించుకుంది. "పిల్లలూ" అంది. ఖాళీ హాలులో ఆ గొంతు అడుగు నుంచి పైదాకా నిండింది. అందులో పాత ఇంజను గరగరా ఉంది, మరుగుతున్న టీ సమోవర్ వెచ్చదనమూ ఉంది. ఐజర్కిన్ నోరు తెరుచుకుని ఉండిపోయింది. "చేతులు కడుక్కున్నారా? ఎర్ర మీట..."

అక్కడ ఆగిపోయింది. అందరూ ఎదురుచూస్తున్నారు.

"వద్దు" అంది.

"ఏంటి వద్దు?" అన్నాడు మెదెర్బెక్.

"మాటలు వద్దు. ఈ అమ్మాయివీ వద్దు, నావీ వద్దు. ఇనుపమ్మ మాట్లాడకూడదు."

హాలంతా గొల్లుమంది. "ముసలీ, నీకేమైనా మతిపోయిందా?" అని గుమ్మంలోంచి జుమాష్. "నాటకంలో సగం మాటలు ఇనుపమ్మవే ఎజె!" అని మెదెర్బెక్. అందరికంటే ఎక్కువగా కుబాత్ కంగారుపడ్డాడు: "మరి నాకెవరు చెప్తారు మీట ముట్టుకోవద్దని?"

"ఎవరూ చెప్పరు. నువ్వు ముట్టుకోబోతావు. నేను చూస్తాను. అంతే."

"అంతేనా?"

"మొన్న ఒక పిల్ల నా దగ్గర కూర్చుంది" అంది బురుల్. ఎలా చెప్పాలో తెలియక వేళ్ళకంటిన వెండిరంగుని గోకుతోంది. "నేను ఒక్క మాటా అనలేదు. బూట్లు తనే సరిచేసుకుంది. నన్ను మెట్లు దింపింది. భయపడొద్దని నాకే చెప్పింది. నేను మాట్లాడుంటే అవన్నీ నేనే చెప్పేసేదాన్ని. దానికి చెప్పడానికేం మిగిలేది కాదు." తలెత్తింది. "ఒక్కసారి చూడండి. బాగాలేకపోతే రేపు అరిచి మరీ ఆడతాను. బైకె, తలకాయ పెట్టండి."

సగిన్ బైకె పట్టీలు బిగించి, తనకిక పనిలేదు గనక, కింద మూడో వరసలో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. కుబాత్ పిల్లవాడిలా ఎగురుతూ వచ్చాడు. ఎర్ర మీట చూశాడు. ఇటూ అటూ చూసి చెయ్యి చాపాడు.

ఇనుపమ్మ తల తిప్పింది. లారీ దీపాలు రెండూ మెల్లగా అతని చేతి మీదికి వచ్చి ఆగాయి. కుబాత్ చెయ్యి ఆగింది. దీపాలు పక్కకి పోయాయి. చెయ్యి మళ్ళీ కదిలింది. దీపాలు వచ్చాయి. కుబాత్ చెవి గోక్కున్నాడు. దీపాలు వెళ్ళబోయి, వెళ్ళక, సగంలో ఆగాయి. ఇనుపమ్మ గొట్టం చెయ్యి లేచింది, ఎందుకు లేచానా అని ఆలోచించింది, ఇనుపమ్మ పొట్ట మీదే వాలింది. కుబాత్ వేలు మీటకి వెంట్రుకవాసి దూరంలో ఉంది.

"ఒరే, ముట్టుకోకురా!" అని మూడో వరసలోంచి గావుకేక. సగిన్ బైకె లేచి నిలబడున్నాడు, చెయ్యి ముందుకు చాపి.

మెదెర్బెక్ పొట్ట పట్టుకుని నవ్వుతూ కుర్చీలో కూలబడ్డాడు. కుబాత్ స్టేజి మీద పొర్లాడాడు. సగిన్ బైకె కందగడ్డలా ఎర్రబడి, "నేను నిద్దట్లో ఉన్నాను" అని కూర్చున్నాడు.

"మరి నేనేం చెయ్యను?" అంది ఐజర్కిన్ కళ్ళు తుడుచుకుంటూ. "ఇంత దూరం సవతి పేరు మోసుకుని వచ్చాక ఖాళీగా పంపుతారా?"

బురుల్ లోపల్నుంచి ఏదో అంది. స్పాంజి మింగేసింది. సగిన్ బైకె లేచి వచ్చి పట్టీలు విప్పాక మళ్ళీ చెప్పింది: "చివర్లో తల్లి నిద్ర లేస్తుందిగా, ఆ మాట నీది. ఓడ మొత్తం మీద పెద్దవాళ్ళు పలికే మాట అదొక్కటే."

*

నూరుజ్ నాడు హాలు నిండిపోయింది. కుర్చీలు చాలక పిల్లలని ఇద్దరేసి కూర్చోబెట్టారు. ఐజర్కిన్‌ని చూడ్డానికి వచ్చిన తల్లులు గోడల వెంట నిలబడ్డారు. జుమాష్ ఆ పూట బిష్కెక్ బేరాలు మానుకుని గుమ్మం దగ్గర టిక్కెట్లు చింపుతూ, కనపడ్డవాళ్ళందరికీ, "ఇనుపమ్మ మా ఇంట్లోనే ఉంటుంది" అని చెప్పుకున్నాడు.

బురుల్‌కి జల్లెడలోంచి హాలు సరిగా కనపడదు. వినపడుతుంది. మొదటి పది నిమిషాలు పిల్లలకి ఏం చెయ్యాలో తెలియలేదు. ఇది మాట్లాడదేంటి అని గుసగుసలు. తర్వాత కుబాత్ మీట వైపు చెయ్యి చాపాడు, దీపాలు తిరిగాయి, అంతే, ఎక్కడో మూల నుంచి ఒక సన్నటి గొంతు, "ముట్టుకోకు!" అంది. దాంతో కట్ట తెగినట్టయింది. చేతులు కడుక్కోమని వాళ్ళే చెప్పారు. సబ్బు ఎక్కడుందో చూపించారు. తోకచుక్క ఎడమ వైపు నుంచి వస్తోందని ముందే కేకలేశారు. ఇనుపమ్మ తల వాల్చినప్పుడల్లా దాని భావమేమిటో పక్కవాళ్ళకి విప్పి చెప్పారు, ఒకరితో ఒకరు వాదులాడుకున్నారు. "అది కోపం కాదురా, ఆలోచిస్తోంది!" "నీకేం తెలుసు?" "మా నాయనమ్మ అట్లాగే చూస్తుంది!"

చివరి ఘట్టం వచ్చింది. ఇనుపమ్మ బ్యాటరీ అయిపోతుంది. రాసిన నాటకంలో ఇక్కడ పెద్ద వీడ్కోలు ప్రసంగం. ఇప్పుడు బురుల్ చేసిందల్లా కూర్చోవడమే. ఈ మూడు రోజుల్లో కూర్చోవడం నేర్చుకుంది, మోకాలి దగ్గర సగిన్ బైకె తోలుముక్క వేసి ఇచ్చాడు. మెల్లగా దిగి, గోడకి చేరగిలబడి, గొట్టం చేతులు ఒళ్ళో పెట్టుకుంది. లారీ దీపాల్లో ఒకటి ఆరింది. రెండోది పసుపై, ఎరుపై, మినుకుమంది.

హాలు గడ్డకట్టింది. ముందు వరసలో ఎవరో ఏడుపు మొదలుపెట్టబోతున్న శబ్దం బురుల్‌కి వినిపించింది. ఎన్నో ఏళ్ళ అనుభవం, ఒక ఏడుపు మొదలైతే హాలంతా అంటుకుంటుంది. 'అయ్యో, ఒక్క మాటైనా ఉంచుకోవాల్సింది' అనుకుంది.

అప్పుడు ఒక పిల్లవాడు కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. "ఫరవాలేదు ఇనుపమ్మా!" అని అరిచాడు. "నువ్వు పడుకో! ఓడ మేం చూసుకుంటాం!"

"పడుకో!" అంది ఇంకో గొంతు.

"పడుకో ఇనుపమ్మా, పడుకో!" హాలంతా ఒక్కటైంది. "మీట ముట్టుకోంలే!" "చేతులు కడుక్కుంటాం!" "నిజంగా కడుక్కుంటాం!"

చివరి దీపం ఆరింది. చీకట్లో చచ్చిన ఇనుములా పడి ఉండాల్సిన బురుల్ పెదవి కొరుక్కుంది, ఊపిరి బిగబట్టింది. లాభం లేకపోయింది. పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చి ఆ వెండి కడుపంతా కదిలింది.

"చూడు, గురక పెడుతోంది!" అన్నారు ఎవరో సంతోషంగా.

సరిగ్గా అప్పుడే తెర వెనకనుంచి మంచుపెట్టె మూత కిర్రుమంది. దేశమంతా పొద్దున్నే వినే గొంతు, జలుబు తగ్గి గంటలా మోగుతున్న గొంతు, హాలు మీదికి తేలి వచ్చింది: "పిల్లలూ, వచ్చేశామా?"

హాలులో తలలన్నీ ఒక్కసారిగా అటు తిరిగాయి. వందలాది వేళ్ళు పెదవుల మీదికి లేచాయి.

"ష్ష్ష్!" అన్నారు అందరూ. "ఇనుపమ్మ పడుకుంది!"

ఐజర్కిన్ నోరు మూసుకుంది. తల్లులు నోళ్ళు మూసుకున్నారు. ఆ థియేటరు కట్టాక అంత నిశ్శబ్దం ఎన్నడూ లేదని సగిన్ బైకె తర్వాత అన్నాడు. ఆ నిశ్శబ్దంలో పిల్లలు కదలకుండా కూర్చుని కాపలా కాశారు, తెర వెయ్యడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.